పాత టైల్స్ మీదే కొత్తవి వేసి వెళ్ళారు, కింది గది స్లాబు కారుతోంది. ఏం చేయాలి?

ప్రశ్న (ఇల్లు తెనాలిలో, నేనుండేది హైదరాబాద్)

అందరికీ నమస్కారం. తెనాలిలో అమ్మానాన్న ఉండే డాబా కట్టి ఇరవై మూడేళ్ళయింది. మేడ మీది బాత్రూం పాతబడిందని దసరా ముందు బాగు చేయించాం. ఒకాయన 78 వేలు చెప్పాడు, ఇంకొకాయన సామానుతో కలిపి 40 వేలకు ఒప్పుకున్నాడు. రెండో ఆయనకే ఇచ్చాం. అప్పుడు నేను ఊళ్ళో లేను. అడ్డా నుంచి తెచ్చిన ఇద్దరు కుర్రాళ్ళే టైల్స్, పైపులు, గీజర్ వైరు అన్నీ చేసేశారట. నాలుగు రోజుల్లో పని అయిపోయింది.

ఇప్పుడు కింద అమ్మావాళ్ళ పడకగది స్లాబుకి చెమ్మ దిగి, రంగు పొక్కి పెచ్చులూడుతోంది. పైన నీళ్ళు జాలీ వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలిచి గదిలోకి వస్తున్నాయి. పాత టైల్స్ పీకకుండా వాటి మీదే కొత్తవి పరిచారని మొన్ననే తెలిసింది. గీజర్ వేసినప్పుడు కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందని అమ్మ అంటోంది. చేసినాయన్ని అడిగితే "జాయింట్లలో వైట్ సిమెంటు, కెమికల్ వేస్తే ఆగిపోద్ది, 4 వేలు ఇవ్వండి" అన్నాడు. వేయించమంటారా, మొత్తం పగలగొట్టాలా? నాన్నకు 74 ఏళ్ళు. ఎక్కడ కాలు జారతారోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు (వైరింగ్ పని, ఒంగోలు)

బాబూ, టైల్స్ సంగతి తర్వాత. ముందు అమ్మగారికి ఫోన్ చేసి గీజర్ ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఉండే చిన్న బ్రేకర్ స్విచ్) దించమని చెప్పు. స్విచ్ ఆపితే చాలదు, ఎంసీబీయే దించాలి. కుళాయి జిల్లుమందంటే నీళ్ళలోకి కరెంటు వస్తోందని, ఎర్త్ పని చేయడం లేదని అర్థం. ఈ రోజు జిల్లుమన్నది రేపు తడి కాళ్ళతో నిలబడితే ప్రాణం తీయొచ్చు. బాగయ్యేదాకా నీళ్ళు పొయ్యి మీదే కాచుకోమను.

తర్వాత లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో రెండు చూపించు. గీజర్ సాకెట్టు వెనక పచ్చ వైరు ఉందా, అది నిజంగా ఎర్త్ గుంట దాకా వెళ్తోందా? కొందరు ఎర్త్ వైరు లాగే ఓపిక లేక న్యూట్రల్‌నే (కరెంటు తిరిగి వెళ్ళే వైరునే) ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే గీజర్ ఒంటికే కరెంటు ఎక్కుతుంది. ఇక వైరు మందం. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి లైట్ల వైరు నుంచి తీగ లాగకూడదు, బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రావాలి, 3 కిలోవాట్లయితే 4. సాకెట్టు 16 ఆంపియర్లది ఉండాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించు, కరెంటు లీకైతే అదే లైను కట్ చేస్తుంది. గీజర్‌లో ఎలిమెంటు (నీళ్ళు వేడి చేసే కడ్డీ) కూడా చూపించు, అది పాడై ఉండొచ్చు.

జవాబు (సివిల్ సైటు పని, గుంటూరు)

పైవారు చెప్పింది అయ్యాకే ఇది చదవండి.

ఆ 4 వేలు ఇవ్వొద్దు. వైట్ సిమెంటుకు నీళ్ళను ఆపే గుణం లేదు, కొద్ది నెలల్లో చీలికలొస్తాయి. అలాగని రేపే సుత్తి పట్టుకోవద్దు. కారేది మూడు చోట్ల నుంచి కావచ్చు: ప్రెషర్‌లో ఉండే మంచినీళ్ళ పైపు, వాడిన నీళ్ళు పోయే పైపు, లేదా గచ్చు. ఏదో తెలియకుండా పగలగొడితే డబ్బు రెండుసార్లు పోతుంది.

ముందు కింది గది స్లాబు మీద చెమ్మ మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయమనండి. రెండు రోజులు మేడ మీది బాత్రూం ఎవరూ వాడొద్దు, కాని దానికొచ్చే వాల్వు తెరిచే ఉండాలి. అప్పుడు కూడా మరక గీత దాటితే కారేది ప్రెషర్ పైపే. గీత లోపలే ఉండి ఆరుతుంటే ఆ పైపు మంచిదే. మూడో రోజు నేల జాలీని పాలిథిన్ చుట్టిన గుడ్డతో గట్టిగా బిగించి, గుమ్మం దాటకుండా నీళ్ళు నిలగట్టి, అందులో బట్టల నీలిమందు కలపండి. గోడకు నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టి 24 గంటలు వదిలేయండి. కింద నీలం కనిపిస్తే గచ్చే. కనిపించకపోతే గుడ్డ తీసి రెండు మూడు బకెట్లు ఒక్కసారిగా గుమ్మరించండి, అప్పుడు కారితే జాలీ కింది ట్రాప్ (వాసన పైకి రాకుండా నీళ్ళు నిలిచే వంపు గొట్టం) లేదా దాని అతుకు.

అలాగే రూపాయి బిళ్ళతో ప్రతి టైలూ తట్టండి. డొల్ల శబ్దం వస్తే టైల్ కింద ఖాళీ ఉందని అర్థం, వాటికి సుద్దతో గుర్తు పెట్టండి. తలుపు దగ్గర ఒక గోలీ పెట్టి వదలండి, ఎటు దొర్లుతుందో చూస్తే వాటం ఎటుందో తెలుస్తుంది.

జవాబు (విశాఖపట్నం)

మా ఫ్లాట్‌లో పగలగొట్టకుండానే జాయింట్లు గీకేసి ఎపాక్సీ గ్రౌట్ (సందులు నింపే రెసిన్ ముద్ద) పెట్టించాం. రెండేళ్ళయింది, చుక్క లేదు. ముందు అది ప్రయత్నించవచ్చు కదా?

జవాబు (సివిల్ సైటు పని, గుంటూరు)

మీ ఇంట్లో వాటం సరిగా ఉండి, కింద వాటర్‌ప్రూఫింగ్ కూడా ఉండి, జాయింట్లు మాత్రమే పోయి ఉంటాయి. అలాంటప్పుడు ఎపాక్సీ మంచి పనే. ఇక్కడ నీళ్ళు ఎదురు వాటంలో నిలుస్తున్నాయి, టైల్స్ రెండు పొరలున్నాయి. పైన ఎంత మూసినా గచ్చు ఎత్తు తగ్గదు, పెద్దాయన నడిచేచోట నీళ్ళు నిలవడం మానవు.

ప్రశ్న వేసినవారు (నాలుగు రోజుల తర్వాత)

సెలవు పెట్టి వచ్చాను. గీజర్ సాకెట్టులో పచ్చ వైరు అసలు లేనే లేదు. లైటు పాయింటు నుంచి సన్న వైరు లాగారు. ఎలిమెంటు కూడా పాడైంది. కొత్త లైను వేయించాం.

రెండు రోజుల్లో మరక గీత దాటలేదు. నీలిమందు వేసిన తెల్లారే కింద నీలం చుక్కలు కనిపించాయి, పైన నీళ్ళు అర అంగుళం తగ్గాయి. గోలీ నేరుగా గుమ్మం వైపే దొర్లింది. నేల టైల్స్‌లో సగానికి పైగా డొల్ల. జాలీ ఎత్తి టార్చి వేస్తే పాత ట్రాప్ మూతి రెండంగుళాలు కిందుంది, చుట్టూ ఖాళీ.

జవాబు (సివిల్ సైటు పని, గుంటూరు)

గచ్చు కారుతోందని నీలిమందు చూపించింది, ఆ ఖాళీ దానికి తోడైంది. కొత్త టైల్స్‌తో నేల పైకి లేచింది, ట్రాప్ మాత్రం కిందే ఉండిపోయింది. జాలీలో పడిన నీళ్ళలో కొంత ఆ సందులోంచి రెండు పొరల మధ్యకు పోయి, అక్కడి నుంచి స్లాబులోకి దిగుతోంది.

నేల రెండు పొరలూ, గోడల కింది అడుగు ఎత్తు వరకూ, షవర్ ఉన్న గోడకు ఆరడుగుల వరకూ తీయించాల్సిందే. పై గోడ టైల్స్‌లో డొల్లగా మోగినవే మార్చండి, మిగతావి ముట్టుకోవద్దు. పెద్ద బ్రేకర్ వద్దు, చిన్న చిప్పింగ్ మెషీన్ చాలు, స్లాబు అదరకూడదు. కొత్త ట్రాప్ పెట్టి దాని చుట్టూ కుంచించుకుపోని గ్రౌట్ నింపాలి. వేడినీళ్ళ పైపు ఏది వేశారో చూడండి. మామూలు తెల్ల పీవీసీ అయితే వేడికి మెత్తబడుతుంది, సీపీవీసీకి (వేడినీళ్ళు తట్టుకునే ప్లాస్టిక్ పైపుకు) మార్చి, దాని సొల్యూషనే (అతికించే జిగురే) వాడించండి. గోడ మూసే ముందు ప్రెషర్ పరీక్ష చేయించి, పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటోలు తీసుకోండి. ఎప్పుడైనా మేకు కొట్టాల్సి వస్తే ఆ ఫోటోలే దిక్కు.

తర్వాత నేలా గోడా కలిసే మూలల్లో సిమెంటు మాలుతో గుండ్రంగా వంపు తీసి, పాలిమర్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు, రెండోది మొదటిదానికి అడ్డంగా వేయాలి. గోడ మీదకు అడుగు, షవర్ ఉన్న గోడకు ఆరడుగులు. ఆరాక 48 గంటలు నీళ్ళు నిలగట్టి కింద చూడండి. ఇదయ్యేదాకా ఒక్క టైలూ వేయనివ్వకండి. మేస్త్రీ తొందరపెడతాడు, మీరు పడొద్దు.

వాటం గుమ్మం నుంచి జాలీకి ఏడడుగులుంటే ఒక అంగుళం దిగాలి. గది నేల కన్నా బాత్రూం నేల కనీసం అంగుళం కిందుండాలి. టైల్స్ గరుకువి, ఒక అడుగుకు ఒక అడుగువి తీసుకోండి. పెద్దవాటితో ఇంత చిన్న గదిలో వాటం కుదరదు, నాన్నగారికి పట్టు కూడా ఉండదు. విట్రిఫైడ్ (గాజులా గట్టిపడేలా కాల్చిన టైల్) అయితే అది నీళ్ళు దాదాపుగా పీల్చదు కాబట్టి మామూలు సిమెంటు పాలకు సరిగా అతుక్కోదు, టైల్ అడ్హెసివ్ (టైల్స్ అతికించే జిగురు) కావాలి. అది ఐదు ముద్దలుగా పెట్టి టైల్ నొక్కడం కాదు, పళ్ళ తాపీతో వెనకంతా పరచాలి. మీ డొల్ల శబ్దానికి ఆ ముద్దలే కారణమై ఉంటాయి.

సామాను మీరే కొనండి. ప్లంబర్, టైల్స్ మేస్త్రీ, ఎలక్ట్రీషియన్ ముగ్గురూ వేరు వేరుగా ఉండాలి. డబ్బు దశలవారీగా ఇవ్వండి, చివరి పది శాతం నెల రోజులు వాడి చూశాక. ఆ అడ్డా కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. గీజర్ లైను ఎలా వేయాలో ఎవరూ నేర్పకుండానే వాళ్ళ చేతికి వైరు ఇచ్చి పంపినవాడి మీదే నా కోపమంతా.

ప్రశ్న వేసినవారు (నెల తర్వాత)

48 గంటలు నీళ్ళు నిలిపాం, కింద పొడిగానే ఉంది. గోలీ జాలీలోకి వెళ్ళి ఆగింది. నాన్న నిన్న ఒక్కరే స్నానం చేసి వచ్చారు. గోడకు ఒక కడ్డీ కూడా పెట్టించాను. ఇక మిగిలింది కింది స్లాబు. పుట్టీ పెట్టి రంగు వేయించేయనా?

జవాబు (సివిల్ సైటు పని, గుంటూరు)

ఇప్పుడే వద్దు. పొక్కినదంతా గీకేసి, ఫ్యాను వేసి కొన్ని వారాలు ఆరనివ్వండి. చెమ్మ మీద పుట్టీ పెడితే మళ్ళీ పొక్కుతుంది. ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో స్లాబుకు అంటించి రెండు రోజులుంచండి, లోపల నీటి ఆవిరి పట్టకపోతే ఆరినట్టు. గీకేటప్పుడు తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తే రంగులాయన్ని ఆపేసి ఇంజనీర్ని పిలవండి, ఫోటో ఇక్కడ పెట్టండి.