ఎత్తు మీద ఆగిన కారును కదిలించడానికి హ్యాండ్‌బ్రేకా, హాఫ్ క్లచ్చా?

కొత్త చక్రం:
గేరు కారు నేర్చుకోవడం మొదలుపెట్టి 11 రోజులైంది. చదును రోడ్డు మీద పరవాలేదు. ఎత్తు మీద ఆగాల్సి వస్తేనే చేతులు చెమటలు పడుతున్నాయి. నిన్న కాలు బ్రేకు మీది నుంచి యాక్సిలరేటర్ మీదికి మార్చేలోగా కారు రెండడుగులు వెనక్కి జారింది. వెనక ఉన్నాయన హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదు. కంగారులో క్లచ్ వదిలేశాను, ఇంజిన్ ఆగిపోయింది. నేర్పే ఆయన హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ పెడల్ సగమే వదిలి, కారును పట్టి నిలబెట్టమంటారు, హ్యాండ్‌బ్రేక్ చేతకానివాళ్ల పని అంటారు. మా నాన్నగారేమో హ్యాండ్‌బ్రేక్ లేకుండా కదిలించవద్దంటారు. ఎవరి మాట వినాలి?

గరుకు రోడ్డు:
మీ నాన్నగారి మాట. పెడళ్లు మూడు, కాళ్లు రెండు. ఆ లోటు తీర్చేది చెయ్యి. హ్యాండ్‌బ్రేక్ లాగి మొదటి గేరు వేయండి. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి, క్లచ్ మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కాస్త లేచినట్టుంటుంది. పాదం అక్కడే ఆపి హ్యాండ్‌బ్రేక్ దించండి.

నాలుగో గేరు:
రద్దీలో పది అడుగులకోసారి ఆగుతుంటే ముప్ఫైసార్లు హ్యాండ్‌బ్రేక్ లాగుతారా? బ్రేకు తొక్కే ఉంచి, క్లచ్‌ను పట్టే చోటు దాకా వదిలి, అప్పుడు బ్రేకు మీది కాలు తీస్తే కారు జారదు. డీజిల్ బండి అయితే చాలాసార్లు యాక్సిలరేటర్ అవసరమే రాదు. చేతికి అలవాటు పడితే పాదం ఎప్పటికీ నేర్చుకోదండీ.

గరుకు రోడ్డు:
పెట్రోలు కారుతో నిటారు ఎత్తు మీద ఈ పద్ధతి చేసి చూడండి, ఇంజిన్ ఎన్నిసార్లు ఆగుతుందో లెక్కపెట్టండి. పైగా వారు అడిగింది 11 రోజుల పాదం గురించి, మీ పాదం గురించి కాదు.

పాత ప్లేటు:
క్లచ్ ప్లేట్లు విప్పి మార్చే పనిలో ఉన్నవాణ్ణి, నా మాట కూడా వినండి. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీలుకూ, దానికేసి అదిమే ప్రెషర్ ప్లేటుకూ మధ్య నలిగేది క్లచ్ ప్లేటు. పూర్తిగా పట్టినప్పుడు రాపిడి లేదు, పూర్తిగా విడిచినప్పుడూ లేదు. అరిగేదంతా ఆ మధ్యలోనే. కారు ఎత్తు మీద నిలబడి ఉందంటే చక్రాలు తిరగడం లేదు, ఇంజిన్ మాత్రం నిమిషానికి 800 సార్లో 1000 సార్లో తిరుగుతోంది. ఆ తేడా అంతా ప్లేటు మీద వేడిగా దిగుతుంది. మాడు వాసన వచ్చిందంటే అదే.

నాలుగో గేరు గారు చెప్పింది కదిలించడానికి ఒక్క క్షణం హాఫ్ క్లచ్ వాడటం. అందులో తప్పు లేదు. నేర్పే ఆయన చెప్పింది నిలబెట్టడానికి వాడటం. అది ప్లేటును తినేస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వర్గం మురిసిపోనక్కరలేదు: దాన్ని సగమే దించి మైళ్లు నడిపి, వెనక బ్రేకులు మాడ్చుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు.

తీరిక:
కొత్త కార్లలో హిల్ హోల్డ్ ఉంటోంది. కాలు తీశాక కూడా ఒకటి రెండు సెకన్లు బ్రేకు అదే పట్టుకుంటుంది. ఇంత తర్జనభర్జన ఎందుకు?

నాలుగో గేరు:
అది లేని కారు ఎక్కిన రోజున తెలుస్తుంది ఎందుకో. ఈ ఒక్క విషయంలో గరుకు రోడ్డు గారు నా పక్షమే అనుకుంటాను.

గరుకు రోడ్డు:
ఈ ఒక్క విషయంలోనే.

కొత్త చక్రం:
ఈరోజు పొద్దున్నే బండ్లు లేని ఎత్తు మీద ప్రయత్నించాను. హ్యాండ్‌బ్రేక్‌తో మొదటి రెండుసార్లు ఇంజిన్ ఆగింది. మూడోసారి బానెట్ లేవడం కనిపించింది, కానీ సంబరంలో హ్యాండ్‌బ్రేక్ దించడం మరిచాను. కారు వెనకభాగం కుంగి మూలిగింది. ఆ తర్వాత ఆరుసార్లు జారలేదు. ఒకసారి నాలుగో గేరు గారి పద్ధతీ చూశాను: అరడుగు జారింది. అది నా తప్పా, పెట్రోలు కారు తప్పా?

నాలుగో గేరు:
క్లచ్ పట్టకముందే కాలు తీసి ఉంటారు. శబ్దం మారేదాకా ఆగి, రేపు మళ్లీ చూడండి.