తోట రైలుకు పట్టాల చివరిదాకా కరెంటు అందడం లేదు

డాలస్ పెరటిబండి:
మా పెరటిలో 45 మి.మీ. గేజి (రెండు పట్టాల మధ్య దూరం) ఇత్తడి పట్టాలపై ఎల్‌జీబీ బ్రాండు నమూనా రైలు ఇంజను నడుస్తోంది; దానికి కరెంటు పట్టాల ద్వారానే అందుతుంది. కంట్రోలరు దగ్గర హుషారుగా కదిలే బండి అవతలి వంపుకు చేరేసరికి నీరసిస్తోంది, వాన పడిన మర్నాడు పూర్తిగా ఆగిపోతోంది. అతుకుల్లో ఏ పేస్టు రాయాలో, పట్టాలను దేనితో తుడవాలో తెలిసినవారు చెప్పగలరు.

పాతఇంజను:
పేస్టు సంగతి తర్వాత చూడవచ్చు. ఇత్తడి పట్టా లావుగా ఉంటుంది కాబట్టి దాని నిరోధం స్వల్పమే; ఫిష్‌ప్లేటుకూ (అతుకు దగ్గర రెండు పట్టాలను కలిపే లోహపు ముక్క) పట్టాకూ మధ్య చేరిన మట్టి, తేమ, పచ్చని కిలుము అడ్డుపడుతున్నాయి. బండి కదులుతుండగా మల్టీమీటరు (ఓల్టేజి కొలిచే పరికరం) తీగలను ఒకే పట్టా మీద అతుకుకు చెరోవైపు ఆనించండి. ఓల్టేజి కనిపించిన అతుకే చెడిన అతుకు.

తీగలమాస్టారు:
నేను వృత్తిరీత్యా విద్యుత్ ఇంజనీరును. సోల్డరింగు తప్ప మరేదీ నిలవదు, మిగతావన్నీ తాత్కాలిక వైద్యాలే.

ఫీనిక్స్ ఎండ:
అయ్యా, ఆ సలహా మా ఎడారిలో పాటిస్తే పట్టాలు పాములా మెలికలు తిరుగుతాయి. పది మీటర్ల ఇత్తడి 40 డిగ్రీల సెల్సియస్ తేడాకు సుమారు ఏడున్నర మి.మీ. సాగుతుంది. ఇంజనీరుకు ఈ మాత్రం తెలియదా?

తీగలమాస్టారు:
పట్టాలను ఒకదానికొకటి అతికించమని నేనెక్కడ అన్నాను? అతుకును దాటిస్తూ మెత్తని రాగి తీగను వదులుగా వంచి, రెండు కొసలనూ చెరో పట్టాకు సోల్డరు చేయాలి. పట్టా సాగినా తీగ తెగదు. ఎదుటివారిని నిలదీసే ముందు ఏమి అడగాలో ఆలోచించండి.

ఫీనిక్స్ ఎండ:
ఆ వివరం మీరు మొదట రాయలేదు. రాయని మాటను మేము ఎలా చదవగలం?

బ్యాటరీబండి:
ఇంజనులో బ్యాటరీ, రేడియో రిసీవరు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. నేను పట్టాలు తుడవడం మానేశాను.

పాతఇంజను:
అడిగినది పట్టాల కరెంటు గురించి. దయచేసి బ్యాటరీలకు వేరే చర్చ తెరవండి. తుడిచేటప్పుడు గరుకు ఉప్పుకాగితం వాడకండి, ఆ గీతల్లోనే నల్లని మురికి మళ్లీ పేరుకుంటుంది.

మాంచెస్టర్ వాన:
మాకు మురికి కంటే నత్తలతోనే బాధ. చక్రాల కింద నలిగిన నత్త జిగురు పట్టాలపై పొరలా ఎండిపోతుంది. అతుకులకు మాత్రం నేను ఇత్తడి స్క్రూ క్లాంపులు బిగించాను, సోల్డరింగు అవసరమే రాలేదు.

డాలస్ పెరటిబండి:
క్లాంపులు అన్ని పట్టాలకూ ఒకే కొలతలో ఉంటాయా?

పాతఇంజను:
ఉండవు. ఎల్‌జీబీ పట్టా కోడ్ 332, అంటే ఎత్తు అంగుళంలో 0.332 వంతు. కోడ్ 250 క్లాంపు దానికి సరిపోదు.