బెంగళూరు క్యాంపస్‌లో శరదృతువును ఎక్కడ వెతుక్కోవాలి?

ప్రశ్న (అనంతపురం విద్యార్థి):

అందరికీ నమస్కారం. నేను ఈ ఆగస్టులో అనంతపురం జిల్లా నుంచి వచ్చి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో ఎంటెక్‌లో చేరాను. చిన్నప్పుడు బడిలో ‘ఆటమ్’ అంటే ‘ఆకురాలు కాలం’ అని నేర్పారు. అమెరికాలో చదువుతున్న నా స్నేహితులు ఇప్పుడు ఎర్రబడిన మేపుల్ చెట్ల కింద నిలబడి తీయించుకున్న ఫొటోలను రోజూ పంపుతున్నారు. ఇక్కడేమో అక్టోబరు వచ్చినా చెట్లన్నీ పచ్చగానే ఉన్నాయి, పైగా వారంలో మూడు నాలుగు రోజులు సాయంత్రం అయ్యేసరికి వాన పడుతోంది. నా రోజంతా తరగతి గదికీ, ల్యాబుకూ, హాస్టల్ మెస్సుకూ మధ్యనే గడిచిపోతోంది. ఊరు దాటి వెళ్లే తీరిక గానీ, ఎక్కువ ఖర్చు పెట్టే స్తోమత గానీ నాకు లేవు. ఈ ఆవరణలోనే ఉంటూ ఈ కాలాన్ని ఆస్వాదించే మార్గం ఏదైనా ఉందా, లేక ఇక్కడ అసలు శరత్తే లేదనుకోవాలా?

జవాబు 1 (ఆకాశమల్లె):

నేను ఇదే ఊళ్లో నాలుగో ఏడు పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది. ‘ఆకురాలు కాలం’ అన్న మాట చలిదేశాల ఋతువుకు చేసిన అనువాదమే తప్ప మన శరత్తుకు పేరు కాదు. మన లెక్కలో ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరత్తు, ఆకులు రాలేది మాఘ ఫాల్గుణాల శిశిరంలో. అక్కడ పగటి పొద్దు వేగంగా కుదించుకుపోయి చలి మొదలవగానే ఆకుల్లోని పత్రహరితం విరిగిపోతుంది, అంతవరకూ దాని చాటున దాగి ఉన్న పసుపు రంగులు బయటపడతాయి, మేపుల్ వంటి చెట్లలో ఎరుపు రంగు అప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంది. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి, ఇక్కడ ఏడాదిలో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ మధ్య తేడా సుమారు గంటన్నర మాత్రమే. మన చెట్లు ఎక్కువగా నీటి ఎద్దడిని చూసి ఆకు రాలుస్తాయి. సెప్టెంబరు, అక్టోబరులే ఈ ఊరికి బాగా వానలు కురిసే నెలలు కాబట్టి ఇప్పుడు వాటికి ఆ అవసరమే లేదు. ఎర్రటి ఆకులే కావాలనుకుంటే శిశిరం దాకా ఆగి బాదం చెట్టు దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు చూడవలసింది ఆకులను కాదు, పువ్వులనూ ఆకాశాన్నీ. సన్నగా, నిటారుగా, గరుకు బెరడుతో ఉండే ఒక చెట్టును మీరు ఈపాటికే చూసి ఉంటారు. అది ఆకాశమల్లె. కన్నడిగులు కూడా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు కాబట్టి ఎవరిని అడిగినా చూపిస్తారు. బర్మా వైపు నుంచి వచ్చిన ఈ చెట్టు సాయంత్రం పూసి, రాత్రంతా పరిమళించి, తెల్లవారేసరికి పొడవాటి కాడలున్న తెల్లని పువ్వులను నేల మీద పరిచేస్తుంది. మా అమ్మమ్మ ఆ కాడలను ఒకదానితో ఒకటి అల్లి, దారం లేకుండానే దండ కట్టేది. (నేను చాలాసార్లు ప్రయత్నించాను గానీ, నాలుగో పువ్వు దగ్గరే నా దండ ఊడిపోతుంది.) ఊడ్చేవారు రాకముందే, అంటే ఆరు గంటలలోపే, వెళ్లకపోతే మీకు మిగిలేది ఖాళీ రోడ్డే.

రెండోది రాత్రి. సాయంత్రపు వాన దుమ్మును కడిగేసిన తరువాత మబ్బు విడిపోతే, బెంగళూరు దీపాల వెలుగులో కూడా కొన్ని చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. అక్టోబరు నడుమ మీరు ల్యాబు నుంచి పదకొండు దాటాక తిరిగి వస్తుంటే తూర్పు దిక్కున వరుసగా మూడు చుక్కలుండే గొల్లకావడి లేస్తూ ఉంటుంది, దానికి పైగా పిల్లలకోడి గుంపుగా కనిపిస్తుంది. ఆ పిల్లలకోడినే పంచాంగంలో కృత్తికలు అంటారు, వాటి దగ్గర పున్నమి చంద్రుడు నిలిచే నెల కనుకనే దానికి కార్తీకమని పేరు వచ్చింది. మన భాషలో శరత్తుతో చేరిన మాటలను చూడండి, శరచ్చంద్రిక, శరన్నవరాత్రులు, అన్నీ రాత్రితోనూ వెన్నెలతోనూ ముడిపడినవే. ఈ ఋతువును మధ్యాహ్నం పన్నెండుకు వెతికితే దొరకదు.

జవాబు 2 (చుక్కలదుప్పి, చెన్నై):

పై జవాబు బాగుంది గానీ, నిర్మలమైన ఆకాశం ఉంటేనే శరత్తు అనడంతో నేను ఏకీభవించలేను. నేను ఐఐటీ మద్రాసులో గోదావరి హాస్టల్లో ఉంటాను (గోదావరి జిల్లావాడినై ఉండి ఇంత దూరం వచ్చినా ఆ పేరు నన్ను వదల్లేదు). అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాకు ఈశాన్య ఋతుపవనాల కాలం, చెన్నైకి ఏడాదిలో పడే వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. మేము వెన్నెల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కార్తీకం కాస్తా దాటిపోతుంది. 1959లో గిండీ అడవిని ఆనుకుని మొదలైన ఆవరణ కాబట్టి మాకు చుక్కల దుప్పులూ కృష్ణజింకలూ ఇరుగుపొరుగు వంటివి. వాన జోరందుకున్నప్పుడు దుప్పులు భవనాల చూరు కిందికి వచ్చి, మనం పక్కనే గొడుగు దులుపుకుంటున్నా కదలకుండా నిలబడతాయి. ఎండాకాలంలో దుమ్ముకొట్టుకుపోయిన మర్రి ఆకులు ఇప్పుడు నూనె రాసినట్టు మెరుస్తాయి. వాటికి బిస్కెట్లు పెట్టవద్దని, ప్లాస్టిక్ కవర్లు పారేయవద్దని కొత్తగా వచ్చినవారికి చెప్పడం కూడా ఈ కాలపు పనుల్లో ఒకటిగా మారింది (దుప్పులకే సుమా, మర్రి ఆకులకు కాదు). ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవన్న మాట నిజమే, దానికి నా దగ్గర పరిష్కారం లేదు. మీ సాయంత్రపు వానను అడ్డంకిగా కాక కార్యక్రమంగా భావించి, ఒక్క రోజైనా గొడుగుతో ఊరికే నడిచి చూడండి.

జవాబు 3 (దద్దోజనం):

ఇద్దరూ తిండి సంగతి మరిచిపోయారు. కార్తీకం వచ్చాక ఒక ఆదివారం మీ తెలుగువాళ్లు పదిమంది కలిసి వనభోజనాలు పెట్టుకోండి. కిందటేడు మేము పులిహోరా దద్దోజనమూ కట్టుకుని వెళ్లాము. తీరా చూస్తే దగ్గరలో ఉసిరి చెట్టు కనబడలేదు, అందుకని ఒకాయన మార్కెట్‌లో ఉసిరి కొమ్మ కొని తెచ్చి మధ్యలో నాటితే, దాని నీడ ఒక్క గిన్నెకు కూడా చాలకపోయినా భోజనం మాత్రం కమ్మగా సాగింది. ఇంకొక మాట. మీది అనంతపురం అంటున్నారు కాబట్టి కార్తీక మాసపు చివరి సోమవారం బెంగళూరు బసవనగుడిలో జరిగే కడలేకాయి పరిషెకు, అంటే వేరుశనగకాయల జాతరకు, తప్పక వెళ్లండి. దొడ్డ బసవన్న (పెద్ద నంది) గుడి ముందు వీధి పొడవునా వేరుశనగకాయల రాసులే ఉంటాయి. ఎద్దు పంటను పాడు చేయకుండా తొలి కాయలను బసవన్నకు సమర్పించుకునే ఆచారంగా ఇది మొదలైందని అక్కడివారు చెబుతారు. మన సీమ వైపు నుంచి కూడా రైతులు కాయలు తెస్తారు. బస్సు టికెట్టు, ఒక శేరు కాయలు, అంతే ఖర్చు.

అనంతపురం విద్యార్థి:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఈ రోజు ఉదయం ఆరుంపావుకు వెళ్లేసరికి, ఊడ్చే అక్క పువ్వులన్నీ అప్పటికే కుప్ప చేసేసింది. నేను దిగాలుగా నిలబడటం చూసి, కుప్ప పైనుంచి ఒక గుప్పెడు తీసి ఇచ్చింది. వాటిని మంచినీళ్ల గ్లాసులో వేసి బల్ల మీద పెట్టుకున్నాను, గది అంతా వాసన నిండింది, నా రూమ్మేటు మాత్రం ఎవరు ఏ అత్తరు చల్లారని అడిగాడు. రేపు అయిదున్నరకే వెళ్తాను. పరిషె సంగతి ఇంట్లో చెబితే, మనం అమ్ముకున్న కాయలనే నువ్వు అక్కడ కొనుక్కుంటావా అని మా నాన్న నవ్వారు. సోమవారం మధ్యాహ్నం నాకు తరగతి ఉంది, ఎలా వెళ్లాలో తెలియడం లేదు.

దద్దోజనం:

అంగళ్లు ముందుగానే వెలుస్తాయి, కాబట్టి ఆదివారం సాయంత్రమే వెళ్లిరండి. పచ్చికాయలూ వేయించినవీ వేరువేరుగా అమ్ముతారు. హాస్టల్లో ఉడకబెట్టుకునే వీలు లేకపోతే వేయించినవే తీసుకోండి, గొడుగు మాత్రం మరవకండి.