పెద్ద గేముల్లో కొత్తదనం ఎక్కడికి పోయింది?

మ్యాప్‌మార్కర్:
ఈ మధ్య పెద్ద బడ్జెట్ ఓపెన్ వరల్డ్ వీడియో గేమ్ (మనకిష్టమైన చోటికి తిరగగలిగే పెద్ద ప్రపంచం ఉన్నది) ఏది మొదలుపెట్టినా, మిగతా ఆటంతా ఎలా ఉండబోతోందో మొదటి గంటలోనే తెలిసిపోతోంది. టవర్ ఎక్కాలి, మ్యాప్ తెరుచుకుంటుంది, దాని నిండా చేయాల్సిన పనులను చూపే ఐకాన్లు. క్యాంపు ఖాళీ చేయించాలి, జంతువుల తోలు పోగేసి సంచీ పెద్దది చేసుకోవాలి, పాయింట్లు రాగానే స్కిల్ ట్రీలో, అంటే కొత్త నైపుణ్యాల పట్టికలో, ఒక చుక్క వెలిగించాలి. 2007లో అసాసిన్స్ క్రీడ్‌లో టవర్ ఎక్కి ఊరంతా చూసినప్పుడు ఒళ్లు పులకరించింది. 2012లో ఫార్ క్రై 3 అదే పని రేడియో టవర్లతో చేయించింది. 2016లో వచ్చిన ఫార్ క్రై ప్రైమల్ కథ జరిగేది రాతియుగంలో. అయినా ఆటగాళ్లు దాని మ్యాప్‌ను నేటి కాలంలో జరిగే ఫార్ క్రై 4 మ్యాప్ పక్కన పెట్టి చూస్తే నదులూ దారులూ చాలాచోట్ల అచ్చం అలాగే ఉన్నాయి.

ఇక పాతవే మళ్లీ అమ్మడం ఒకటి. ది లాస్ట్ ఆఫ్ అస్ 2013లో పీఎస్3కి (సోనీ ప్లేస్టేషన్ 3) వచ్చింది, 2014లో పీఎస్4కి, 2022లో పీఎస్5కి. మంచి గేమే, కాదనను. కానీ పెద్ద కంపెనీలు కొత్తగా ఆలోచించడం మానేశాయని నా అభిప్రాయం. కాదనేవాళ్లు చెప్పండి.

సేవ్‌పాయింట్:
కాదంటాను. టవర్ల మీద మీకు కోపం దేనికి? 2017లో వచ్చిన జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లోనూ టవర్లున్నాయి. కానీ ఎక్కితే ఐకాన్లు కుప్పగా వచ్చిపడవు. పైన నిలబడి చుట్టూ చూసి, ఏదో ఉందనిపించిన చోట మనమే గుర్తు పెట్టుకోవాలి. ఎండుగడ్డికి నిప్పు పెడితే వేడిగాలి పైకి లేస్తుంది, పారాగ్లైడర్ తెరిస్తే మనల్ని ఎత్తుకుపోతుంది. ఉరుములప్పుడు ఇనుప కత్తి వీపున ఉంటే పిడుగు మన మీదే పడుతుంది. ఆ కత్తినే తీసి శత్రువుల మధ్యలోకి విసిరితే? ఆ ఆలోచన మనకే తట్టాలి. అది నింటెండో గేమ్, చిన్న కంపెనీ కాదు.

ఒకరిని చూసి ఒకరు చేయడం ఎప్పుడూ ఉన్నదే. 1993లో తుపాకీ కాల్పుల గేమ్ డూమ్ వచ్చాక అలాంటి గేములన్నిటినీ డూమ్ క్లోన్లు అనేవాళ్లు. ఆ దారిలోనే నడిచి, కొత్తదనం చూపిస్తూ 1998లో హాఫ్ లైఫ్ వచ్చింది.

నైట్‌షిఫ్ట్:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 2023లో అమెరికాలో, యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీ కొనుగోలు విషయంలో మైక్రోసాఫ్ట్ మీద కేసు నడిచినప్పుడు, సోనీ ఇచ్చిన కాగితాల్లో దాచాల్సిన అంకెలు సరిగా దాచక బయటపడ్డాయి. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 ఖర్చు 220 మిలియన్ డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌ది 212 మిలియన్. అంత పెట్టినవాడికి టెన్షన్ ఉండదా? అందుకే గొర్రెదాటు. పోనీ అదైనా సేఫ్ అంటే అదీ లేదు. హీరో షూటర్లు (ఒక్కో పాత్రకు ఒక్కో ప్రత్యేక శక్తి ఉండే కాల్పుల గేములు) నిండిపోయిన మార్కెట్లోకి సోనీ గేమ్ కాంకర్డ్ 2024 ఆగస్టు 23న వచ్చింది, సెప్టెంబరు 6న సర్వర్లు మూసేసి డబ్బు వాపసు ఇచ్చారు.

పిక్సెల్‌పిల్ల:
కొత్తదనం కావాలంటారు, తీరా వస్తే ఎంతమంది ఆడుతున్నారు? 2018లో వచ్చిన రిటర్న్ ఆఫ్ ది ఆబ్రా డిన్ ఆడండి. ఓడలో 60 మంది, ఒక్కొక్కరు ఎవరు, ఏమయ్యారు అన్నది యాసను బట్టి, బట్టలను బట్టి, ఉయ్యాల మంచం మీద నంబరును బట్టి మనమే తేల్చాలి. దాదాపు అంతా లూకస్ పోప్ ఒక్కడే చేశాడు.

మ్యాప్‌మార్కర్:
ఆబ్రా డిన్ అద్భుతం, ఒప్పుకుంటాను. ఒక్క మనిషి అంత చేయగలిగినప్పుడు వందలమంది ఉన్న స్టూడియోలు ఏం చేస్తున్నాయన్నదే నా బాధ. నైట్‌షిఫ్ట్ గారూ, డబ్బు భయం ఒక్కటే కారణం కాదు. 2014లో షాడో ఆఫ్ మోర్డార్ వచ్చింది. అందులో మనల్ని చంపిన మామూలు రాక్షస సైనికుడు, ఆర్క్‌కి ప్రమోషన్ వస్తుంది, పేరొస్తుంది. మళ్లీ ఎదురైతే పాత గొడవ గుర్తుచేసి ఎగతాళి చేస్తాడు. మనం కాల్చి వదిలేస్తే, కాలిన ముఖంతో పగ తీర్చుకోవడానికి వస్తాడు. ప్రతి ఆటగాడికీ వేరే శత్రువు, వేరే కథ. పెద్ద కంపెనీ గేమే, బాగా ఆడింది కూడా. ఆ తర్వాత? 2017లో ఒక సీక్వెల్. 2021లో వార్నర్ బ్రదర్స్‌కి శత్రువు మనల్ని గుర్తుపెట్టుకునే ఈ 'నెమెసిస్' పద్ధతి మీద పేటెంట్ వచ్చింది, 2030ల మధ్య వరకు నడుస్తుంది. దాన్ని తయారుచేసిన మోనోలిత్ స్టూడియోని 2025 ఫిబ్రవరిలో మూసేశారు. కొత్త ఆలోచన పుట్టింది, జనం మెచ్చారు, తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇది నాకు మింగుడుపడటం లేదు.

సేవ్‌పాయింట్:
స్టూడియో మూసేయడం నాకూ బాధే. కానీ పేటెంట్ ఉంది కదా అని అలాంటి గేమ్ ఎవరూ చేయకూడదని కాదు. 2018లో అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో కిరాయి యోధులు మన వెంట పడతారు, వాళ్లకూ పేర్లూ ర్యాంకులూ ఉన్నాయి. ఇంకొంచెం వేరే దారిలో చేయొచ్చు.

మ్యాప్‌మార్కర్:
చేయొచ్చు, చేయట్లేదు. ఒడిస్సీలో వాళ్లు వెంటపడతారు గానీ, నాతో జరిగిన పాత గొడవ తలుచుకుని మాట్లాడేది దాదాపు ఉండదు. నేను అడుగుతున్నది ఆ గుర్తుపెట్టుకోవడమే. 2014లో పీఎస్4లో సాధ్యమైనది, పీఎస్5 చేతిలో ఉండగా ఇంకే పెద్ద స్టూడియో ఎందుకు ప్రయత్నించదు?