అప్‌డేట్: కేహెచ్‌ఎల్ పాయింట్లు ఎన్‌హెచ్‌ఎల్‌లో చెల్లుతాయా?

యూరప్ ఐస్ హాకీ లీగుల్లో చెలరేగినవాడు ఉత్తర అమెరికా అగ్ర లీగైన ఎన్‌హెచ్‌ఎల్‌లోనూ రాణిస్తాడా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. అలా వెళ్లిన ఆటగాళ్లను పోల్చి చూడమన్న మీ సలహా ప్రకారం ఇద్దరిని పోల్చి చూశాను. ఆర్టెమీ పనారిన్ 2014-15లో రష్యా కేంద్రంగా నడిచే లీగ్ కేహెచ్‌ఎల్‌లో 54 మ్యాచుల్లో 62 పాయింట్లు (గోలుకొకటి, గోలుకు దారితీసిన పాస్‌కొకటి) సాధించాడు; మరుసటి సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు షికాగో తరఫున 77 తెచ్చి, ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు. వదీమ్ షిపచోవ్ 2016-17లో అదే కేహెచ్‌ఎల్‌లో 50 మ్యాచుల్లో ఏకంగా 76 పాయింట్లు! తీరా ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వేగాస్‌కు వచ్చి ఆడింది మూడే మ్యాచులు, కొట్టింది ఒక్క గోలు. ఆట జరిగే మంచు మైదానం, అంటే రింక్, అంతర్జాతీయంగా సంప్రదాయ కొలత ప్రకారం 30 మీటర్ల వెడల్పు, ఎన్‌హెచ్‌ఎల్‌ది దాదాపు 26. ఆ ఇరుకులో పుక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) అందగానే డిఫెండర్ మీద పడతాడు. ఈ తేడా ఉందని ఒప్పుకుంటాను. కానీ పనారిన్ పక్కన షికాగో స్టార్ పాట్రిక్ కేన్ ఆడాడు, షిపచోవ్‌నేమో మొదట్లోనే మైనర్ లీగుకు పంపారు! ఒక లీగ్ పాయింట్లను ఎన్‌హెచ్‌ఎల్ పాయింట్లుగా మార్చి చూపే సూత్రాల్లో ఇలా దక్కిన అవకాశాల తేడాకు చోటే లేదు.