బడి గోడ మీద ప్రపంచ పటం: ఖండాలు ఎన్ని వేయాలి, దేశస్థుల పేర్లు ఎట్టా రాయాలి?

కోవూరు_సోషల్

నెల్లూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాల ప్రహరీ గోడ మీద ప్రపంచ పటం వేయిస్తున్నాం. దొరికిన జాగా 12 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. ఖండానికో రంగు. పక్కన 40 దేశాల పట్టిక: దేశం, రాజధాని, అక్కడి వాళ్ళను ఏమనాలి.

పాఠ్యపుస్తకంలో ఖండాలు ఏడు. పిల్లలు ఒలింపిక్ జెండా చూపించి అయిదే కదా అంటున్నారు. పాత సోవియట్ భూగోళం పుస్తకం ఒకటి లైబ్రరీలో ఉంది, అందులో ఆరు. ఏది సరైనది? రష్యా, టర్కీ, ఈజిప్టులకు ఏ రంగు వేయాలి? రెండో ఇబ్బంది పట్టికది. 'నైజీరియన్' అని రాస్తే అది నైజర్ వాళ్ళకా, నైజీరియా వాళ్ళకా అని పెయింటర్ అడిగాడు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ఒంగోలు_అట్లాస్

మాస్టారూ, మూడూ సరైనవే. మూడు వేర్వేరు లెక్కలు. గోడ మీద ఒక్క లెక్కే వేసి, అది ఏ లెక్కో కింద ఒక వరుసలో రాయండి. రెండు లెక్కలు కలిపితేనే తప్పు వస్తుంది.

ఏడు: భారత్, చైనా, బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా బడుల్లో చెప్పేది. డీఎస్సీ, గ్రూప్స్ బిట్లకు జవాబు కూడా ఇదే.

ఆరు, మొదటి రకం: ఉత్తర, దక్షిణ అమెరికాలు కలిపి ఒకటే ఖండం. మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా, స్పెయిన్‌లో కూడా పిల్లలు ఇదే నేర్చుకుంటారు. అందుకే అక్కడ 'అమెరికానో' అంటే ఆ ఖండంలో పుట్టిన ఎవరైనా. అమెరికా పౌరుణ్ణి వాళ్ళు 'ఎస్తాదోఉనిదెన్సే' అంటారు, సంయుక్త రాష్ట్రాల వాడు అని అర్థం.

ఆరు, రెండో రకం: యూరప్, ఆసియా కలిపి యురేషియా. జపాన్ బడుల్లో ఇంతే. రష్యాలో రెండు లెక్కలు పక్కపక్కనే నడుస్తాయి. నేల ముక్కలుగా చూస్తే (వాళ్ళ మాటలో 'మతెరిక్') యురేషియా, ఆఫ్రికా, రెండు అమెరికాలు, ఆస్ట్రేలియా, అంటార్కిటికా. 'ప్రపంచ భాగాలు'గా చూస్తే యూరప్ వేరు, ఆసియా వేరు, రెండు అమెరికాలు మాత్రం ఒకటి. రెండు విధాలా ఆరే వస్తుంది గానీ ఆ ఆరు ఈ ఆరు ఒకటి కావు. మీ లైబ్రరీ పుస్తకంలో ఏ ఆరో పేర్లు చదివి చూడండి.

అయిదు: మొదటి రకం ఆరులోంచి జనావాసం లేని అంటార్కిటికాను తీసేస్తే అయిదు. ఒలింపిక్ వలయాల లెక్క అదే. ఆధునిక ఒలింపిక్స్‌ను మొదలుపెట్టిన కూబర్టిన్ 1913లో ఆ గుర్తు గీశాడు, 1920 ఆంట్వెర్ప్ క్రీడల్లో మొదటిసారి ఎగిరింది. పెయింటర్‌కు ముందే చెప్పండి: ఆ అయిదు రంగుల్లో ఫలానాది ఫలానా ఖండానిది అనేది లేదు. తెల్లని నేలతో కలిపి ఆరు రంగులు, అప్పటి దేశాల జెండాలన్నీ ఆ ఆరింటితో వేయొచ్చని ఎంచుకున్నారు. ఆసియాకు పసుపు, ఆఫ్రికాకు నలుపు అని వేస్తే ఖండాల పటం కాస్తా ఒంటి రంగుల పటం అవుతుంది. అది పిల్లల కళ్ళ ముందు పెట్టకూడదు.

ఇక హద్దులు. ఆసియా, ఆఫ్రికా మధ్య సూయజ్ కాలువ. కాబట్టి ఈజిప్టులో సినాయ్ భాగం ఆసియా, మిగతాది ఆఫ్రికా. రెండు అమెరికాల మధ్య గీత పనామా కాలువ దగ్గర కాదు, పనామా–కొలంబియా సరిహద్దు దగ్గర. యూరప్, ఆసియా మధ్య సముద్రం లేదు, అందుకే అసలు తకరారు అక్కడే. ప్రాచీన గ్రీకులు డాన్ నదిని హద్దు అన్నారు. 18వ శతాబ్దంలో దాన్ని ఉరల్ పర్వతాల దాకా జరిపారు. ఇప్పుడు ఎక్కువ అట్లాసులు పట్టుకునే గీత ఇది: ఉరల్ పర్వతాలు, ఉరల్ నది, కాస్పియన్, కాకసస్, నల్ల సముద్రం, బోస్ఫరస్, డార్డనెల్స్. దీని ప్రకారం రష్యాకు రెండు రంగులు, కజకస్థాన్‌కు పడమటి అంచున కొంచెం యూరప్ రంగు, టర్కీలో ఇస్తాంబుల్ పడమటి సగం యూరప్.

గీత ఎక్కడ వేస్తే శిఖరం అక్కడ మారుతుంది. కాకసస్ శిఖరాల మీదుగా గీస్తే యూరప్‌లో ఎత్తైనది ఎల్‌బ్రుస్, 5,642 మీటర్లు. గీతను ఇంకా ఉత్తరానికి, కుమా–మానిచ్ పల్లపు ప్రాంతానికి జరిపితే ఎల్‌బ్రుస్ ఆసియాలోకి పోయి, ఆల్ప్స్ పర్వతాల్లోని మాఁ బ్లాఁ పైకొస్తుంది. అట్టాగే ఖండం పేరు 'ఆస్ట్రేలియా' అంటే కాసియస్కో, 2,228 మీటర్లు. 'ఓషియానియా' (ఆస్ట్రేలియాతో పాటు చుట్టుపక్కల పసిఫిక్ దీవులు) అంటే న్యూగినీలోని కార్‌స్టెంజ్, 4,884 మీటర్లు. మన సంగం మండలం మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కిన వరుసలో ఎల్‌బ్రుస్, కాసియస్కో రెండూ ఉన్నాయి. నెల్లూరు జిల్లా బడి గోడ మీద ఆ ఏడు శిఖరాలూ గుర్తు పెట్టకుండా పటం వేయకండి. పెడితే గీత తప్పనిసరిగా కాకసస్ మీదుగానే ఉండాలి, లేకుంటే ఆయన ఎక్కిన శిఖరం వేరే రంగులో పడుతుంది.

న్యూజిలాండ్, ఫిజీలు ఆస్ట్రేలియా ఖండపు నేలలో భాగం కావు. ఆ రంగు పక్కన 'ఆస్ట్రేలియా – ఓషియానియా' అని రాస్తే ఆ చిక్కు తీరిపోతుంది.

పెన్నా_బ్రష్

గోడ కొలతల మీద ఒక మాట అన్నా. 12 × 6 మీకు కుదిరిన కొలత. రేఖాంశాలు మొత్తం 360 డిగ్రీలు, అక్షాంశాలు 180. అంటే ఒక అడుగుకు 30 డిగ్రీలు, అంగుళానికి రెండున్నర. నీలం రాసిన దారంతో అడుగుకో గీత కొట్టండి, 72 గళ్ళు వస్తాయి. నిలువు మధ్య గీత గ్రీనిచ్, అడ్డం మధ్య గీత భూమధ్యరేఖ. ఏ ఊరిదైనా డిగ్రీలను రెండున్నరతో భాగిస్తే అంగుళాలు.

బోస్ఫరస్: కుడికి 11.6, పైకి 16.4.
సూయజ్: కుడికి 13, పైకి 12.
ఎల్‌బ్రుస్: కుడికి 17, పైకి 17.3.
ఉరల్ పర్వతాలు: కుడికి సుమారు 24 మీద నిలువుగా, 20 నుంచి 27 దాకా.
పనామా–కొలంబియా సరిహద్దు: ఎడమకు 31, పైకి 3.
నెల్లూరు: కుడికి 32, పైకి 5.8. ఒంగోలు అదే నిలువు గీత మీద అర అంగుళం లోపే పైన పడుతుంది, రెండు చుక్కలు సన్న బ్రష్షుతో పెట్టాలి.

ఇంటర్నెట్‌లో దొరికే మెర్కేటర్ పటాన్ని ప్రొజెక్టర్‌తో గోడ మీదకు కొట్టి గీయకండి. దానిలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. పైగా అది 2:1 గోడలో పట్టదు, ధ్రువాలు తెగిపోతాయి. నేను చెప్పిన గళ్ళ పటంలో కూడా ధ్రువాల దగ్గర దేశాలు అడ్డంగా సాగుతాయి. అంటార్కిటికా కింద సుమారు 9 అంగుళాల పట్టీగా గోడ పొడుగునా వస్తుంది. అది పెయింటర్ తప్పు కాదని హెడ్మాస్టరు గారికి ముందే చెప్పి పెట్టండి.

భారతదేశం సరిహద్దు మాత్రం సర్వే ఆఫ్ ఇండియా పటం చూసే గీయాలి. విదేశీ సైట్లలో జమ్మూ కశ్మీర్, లద్దాఖ్, అరుణాచల్ దగ్గర గీతలు వేరుగా ఉంటాయి. తప్పు సరిహద్దుతో పటం ప్రచురిస్తే 1961 చట్టం కింద ఆరు నెలల దాకా శిక్ష ఉంది.

గోడ కింది నుంచి రెండడుగులు వదిలి మొదలుపెట్టండి. మన కోస్తా గాలికి గోడ అడుగున ఉప్పు ఊరి రంగు పొక్కులు లేస్తుంది, ముందు పోయేది అంటార్కిటికానే.

కావలి_అనువాదం

పట్టిక సంగతి నేను చెబుతాను సార్. 'అక్కడి వాళ్ళు' అనే ఒక్క గడిలో పౌరసత్వం, జాతి, భాష కలిసిపోవడం వల్లనే తప్పులన్నీ వస్తాయి. గడి పేరు 'పౌరులు' అని పెట్టండి.

రష్యన్‌లోనే ఈ తేడాకు రెండు మాటలున్నాయి. 'రూస్కీ' అంటే జాతి, భాష. 'రొస్సియానిన్' అంటే ఆ దేశ పౌరుడు, తాతారు అయినా చెచెన్ అయినా. కజక్ వేరు, కజకస్థానీ వేరు. బెంగాలీ అంటే కోల్‌కతా వాళ్ళూ అవుతారు, కాబట్టి బంగ్లాదేశీయులు అని రాయాలి. ఆఫ్ఘనీ అక్కడి డబ్బు, మనిషి ఆఫ్ఘన్. ఇరాన్, టర్కీ వాళ్ళను అరబ్బులు అని రాయడం మన దగ్గర చాలా మామూలు, పూర్తిగా తప్పు.

నైజర్, నైజీరియాలకు ఇంగ్లీషు, ఫ్రెంచి పద్ధతుల్లో పలికే తేడా తెలుగు అక్షరాల్లో నిలవదు. 'నైజర్ పౌరులు', 'నైజీరియా పౌరులు' అని విడిగా రాయండి. డొమినికా, డొమినికన్ రిపబ్లిక్‌లకూ అంతే. కాంగోలు రెండు కాబట్టి రాజధాని పేరు తోడు పెట్టాలి: బ్రాజవిల్ కాంగో, కిన్షాసా కాంగో. గినీలు నాలుగు: గినీ, గినీ-బిస్సావు, ఈక్వటోరియల్ గినీ, పాపువా న్యూగినీ. చివరిది ఆఫ్రికాలో లేదు, రంగు వేసేటప్పుడు చూసుకోండి.

పాత అట్లాస్ చూసి రాస్తుంటే ఇవి సరిచేయండి: స్వాజీలాండ్ 2018లో ఎస్వాతిని అయింది. టర్కీ 2022 నుంచి ఐక్యరాజ్యసమితిలో తుర్కియే. మాసిడోనియా 2019లో ఉత్తర మాసిడోనియా అయింది, కానీ గ్రీసుతో 2018లో కుదిరిన ప్రెస్పా ఒప్పందం ప్రకారం పౌరులు 'మాసిడోనియన్లు / ఉత్తర మాసిడోనియా గణతంత్ర పౌరులు'. 'ఉత్తర మాసిడోనియన్లు' అనే మాట వాళ్ళు ఒప్పుకోరు.

గోడ మీద చోటుంటే 'వాళ్ళు తమ దేశాన్ని ఏమంటారు' అని నాలుగో గడి పెట్టండి. నా లెక్కలో పట్టిక మొత్తానికి విలువైన గడి అదే. జర్మనీ వాళ్ళకు డాయిచ్‌లాండ్. అదే దేశం ఫ్రెంచి వాళ్ళకు అల్మాన్య్, పోలండ్ వాళ్ళకు నియెమ్‌త్సి, ఫిన్లాండ్ వాళ్ళకు సక్సా. ఫిన్లాండ్ తనకు తాను సువోమి. జార్జియా సకార్త్వెలో, అర్మేనియా హయస్తాన్, ఈజిప్టు మిస్ర్, చైనా జోంగువో.

మన సంగతీ రాయండి. అరబ్బీలో భారతీయుడు 'హిందీ'. కువైట్, సౌదీ కాగితాల్లో జాతీయత గడిలో ఆ మాట చూసి, మేం తెలుగువాళ్ళం కదా అనో, మేం ముస్లింలం కదా అనో కంగారు పడేవాళ్ళు ఉంటారు. అది భాషా కాదు, మతమూ కాదు. అక్కడ అది మన పాస్‌పోర్టు పేరు.

కోవూరు_సోషల్

అందరికీ కృతజ్ఞతలు. ఏడు ఖండాల లెక్క, కాకసస్ గీత, నాలుగు గడులు ఖాయం చేశాం. రెండు సందేహాలు మిగిలాయి. గల్ఫ్ దేశాలున్న ప్రాంతానికి 'మధ్యప్రాచ్యం' అని రాయాలా, 'పశ్చిమాసియా' అనా? సంకల్పంలో చెప్పే జంబూద్వీపంతో మొదలయ్యే ఏడు ద్వీపాలే ఈ ఏడు ఖండాలు అని ఒకరు పక్కన రాయమంటున్నారు.

ఒంగోలు_అట్లాస్

పశ్చిమాసియా. మన విదేశాంగ శాఖ వాడే పేరు అదే. మధ్యప్రాచ్యం అన్నది యూరప్‌లో నిలబడి తూర్పుకు చూసేవాళ్ళ కొలత, ఒంగోలు నుంచి చూస్తే అది పడమర. అయితే పశ్చిమాసియా అన్నాక ఈజిప్టును అందులో చేర్చకూడదు, అది ఉత్తరాఫ్రికా.

'ఆసియన్' అనే మాటకూ ఇట్టాంటి తేడా ఉంది, ఇంగ్లండ్, అమెరికా ఫారాలు నింపే పిల్లలకు పనికొస్తుంది. బ్రిటన్‌లో మామూలు మాటల్లో ఆసియన్ అంటే భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్ మూలాల వాళ్ళు. అమెరికాలో అదే మాట వింటే ముందు చైనా, కొరియా గుర్తొస్తాయి. అమెరికా జనగణనలో మన గడి 'ఏషియన్ ఇండియన్'. 'అమెరికన్ ఇండియన్' గడి అక్కడి ఆదివాసులది, అందులో టిక్కు పెట్టకూడదు.

ద్వీపాల సంగతి కచ్చితంగా వద్దు సార్. ఏడుకు ఏడు సరిపోయిందని కలిపేస్తున్నారు. పురాణాల్లో జంబూద్వీపం నడిమధ్యన ఉంటుంది. ప్లక్ష, శాల్మలి, కుశ, క్రౌంచ, శాక, పుష్కర ద్వీపాలు దాని చుట్టూ వలయాలుగా, ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపుగా ఉంటాయి. మధ్యలో ఉప్పు, చెరకు రసం, సుర, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీటి సముద్రాలు. అది గోడ మీది పటంలో కుదిరే భూగోళం కాదు, దాని పద్ధతే వేరు. వేయదలిస్తే విడిగా గుండ్రటి బొమ్మ వేయండి. అందులో సంకల్పం వరుస రాయొచ్చు: 'శ్రీశైలస్య ఆగ్నేయ దిగ్భాగే, కృష్ణా కావేర్యోః మధ్య ప్రదేశే'. నెల్లూరు శ్రీశైలానికి ఆగ్నేయాన ఉందని పెద్ద పటంలో పిల్లలే కొలిచి చూసుకోగలరు. అమెరికాలో స్థిరపడిన మన పురోహితులు ఇదే చోట 'క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే' అని చదువుతున్నారు, వాళ్ళ ఆచారానికి అది వాళ్ళు చేసుకున్న ఏర్పాటు.

పెన్నా_బ్రష్

అక్షరాల కొలత కూడా ఇప్పుడే ఖాయం చేసుకోండి. ఖండం పేరు 3 అంగుళాల ఎత్తు. పట్టికలో అక్షరం ముప్పావు అంగుళానికి తగ్గితే వొత్తులు రంగుతో పూడిపోతాయి. 'ఎస్వాతిని', 'సకార్త్వెలో' లాంటివి వరుసల మధ్య ఎడం లేకుంటే కింది పేరు మీదకు దిగుతాయి, కాబట్టి వరుసకు అంగుళంన్నర వదలండి. శీర్షికకు 4 అంగుళాలు కలిపితే 40 దేశాలకు 64 అంగుళాలు పడుతుంది, మీ 6 అడుగుల ఎత్తులో సరిపోతుంది.