‘నవ్వాలో ఏడవాలో తెలీలేదు’ కి ఇంకో మాట ఉందా?

ఎవరైనా కాస్త చేదుగా నవ్వించే కథ రాస్తే చాలు, చదివినవాళ్ళంతా వరసబెట్టి ‘నవ్వాలో ఏడవాలో తెలీలేదండీ’ అంటారు, నేనూ అదే అంటుంటా అనుకోండి. కానీ ఆ మాట దీనికి అతకట్లేదని నా గోల. మామూలుగా మనం దాన్ని వాడేది విసుగొచ్చినప్పుడు, రైలు లేటని ప్లాట్‌ఫారం మీద పడిగాపులు పడుంటే అది పక్క ప్లాట్‌ఫారం మీంచి వెళ్ళిపోయినప్పుడు. అక్కడ నిజంగా నవ్వూ లేదు, ఏడుపూ లేదు. కథలో అలా కాదే, ముందు నవ్వేస్తాం, తర్వాత గొంతు పట్టేస్తుంది, రెండూ బాగానే తెలుస్తాయి.

కథారచయిత చాసో గారి ‘ఎంపు’ కథ తీసుకోండి. ముష్టెత్తుకునే ముసలాడు కూతురి పెళ్ళి గురించి ఆలోచిస్తుంటాడు, పిల్లకేమో కుంటివాడి మీద మనసు, తండ్రేమో గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు, ఎందుకంటే గుడ్డివాడికి ముష్టి బాగా పడుతుంది. అల్లుడి జీతమెంత, పైరాబడెంత అని ఆరా తీసే మన పెద్దాళ్ళ లెక్కే కదా ఇది, అందుకే నవ్వొస్తుంది. పోనీ ఆ ముసలాడికి కూతురంటే ప్రేమ లేదా అంటే అదీ అనలేం, చచ్చేంత ఉంది, వచ్చిన చిక్కంతా అక్కడే.

దీనికి మన మాటేంటి? బ్లాక్ కామెడీ అంటే సినిమా పోస్టర్ గుర్తొస్తోంది, విషాదహాస్యం అంటే పరీక్ష పేపరు.

*

మాట సంగతి తెలీదు గానీ మేష్టారూ, సరుకు మాత్రం సామెతల్లో కావల్సినంత ఉంది. ‘ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు’. కథంతా అందులోనే ఉంది చూడండి. ఆ చుట్ట మనిషి దుర్మార్గుడేం కాదు, నోట్లో చుట్ట ఉంది, అగ్గిపెట్టె లేదు, ఎదురుగా కావల్సినంత నిప్పుంది, అడిగాడు, ఇల్లుగలాయన మర్యాదస్తుడైతే ఒక కొరివి తీసిచ్చే ఉంటాడు కూడా. ఇక్కడ పనంతా చేసేది చివర్న ఉన్న ఆ ‘ట’. అది తీసేసి ‘నిప్పడిగాడు’ అనండి, పోలీస్ స్టేషన్లో కంప్లయింటులా ఉంటుంది. ‘అడిగాడట’ అనగానే చెప్పేవాడు పక్కకి తప్పుకున్నాడు, నేను చూళ్ళేదు బాబూ, ఎవరో అంటే విన్నా, నవ్వుతారో తిడతారో మీ ఇష్టం అని. ఈ రకం కథలు బాగా రాసేవాళ్ళు చేసేదీ అదే, మధ్యలో ‘పాపం’ అని ఒక్కమాట పడిందా, కథ నీరుగారిపోయినట్టే.

*

మా దిక్కు ‘ట’ అనం అన్నా, ‘అంట’ అంటం, అడిగిండంట. గట్ల సాగదీస్తే ఇంకింత మజా వస్తది. ‘అత్త సచ్చిన ఆర్నెల్లకు కోడలు కంట్ల నీళ్ళొచ్చినయంట’ కూడా ఇదే లెక్కన వస్తదా మరి?

*

పోస్టు పెట్టింది నేనే. రాదనుకుంటా తమ్ముడూ, అది ఉత్త వెటకారం. కోడల్ని చూసి నవ్వుతాం, అయిపోతుంది, మనకేం అంటదు. చుట్ట సామెతలో అట్లా కుదరదు, ఇల్లు కాలినవాడి వైపే ఉన్నా నవ్వొచ్చేస్తుంది, ఛీ ఎందుకు నవ్వాను అని మనకే అనిపిస్తుంది. ‘చచ్చినోడి కళ్ళు చారెడు’ అయితే రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది, చావింటికెళ్ళి ఆ పొగడ్తలన్నీ విన్నవాళ్ళకి తెలుస్తుంది.

*

ఆలస్యంగా చూశాను, క్షమించాలి. అలంకారశాస్త్రం వాళ్ళు, అంటే కావ్యాలకి లక్షణాలు చెప్పినవాళ్ళు, హాస్యానికీ కరుణానికీ (ఏడిపించే రసానికీ) పడదన్నారు, రెండూ ఒకచోట పెడితే రసభంగం అని. అయితే భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వుని 6 రకాలు చేశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. అందులో అపహసితానికి ఆయన చెప్పిన గుర్తులు చూడండి, నవ్వకూడనిచోట నవ్వడం, కళ్ళల్లో నీళ్ళు, భుజాలూ తలా ఊగిపోవడం. మీరడుగుతున్నది దాదాపు ఇదే కదండీ? కాకపోతే ఆయన దీన్ని అధమపాత్రలకి కేటాయించాడు, ఉత్తములు స్మితం, హసితం దాటకూడదట.

*

అయితే మేమంతా అధమపాత్రలమే అన్నమాట 😄 పర్లేదండీ, ఒప్పుకుంటాం. కానీ కథ రాసినాయనకి ‘మీ కథ చదివి అపహసించాను’ అని రాస్తే నన్ను బ్లాక్ చేస్తాడు, అపహాస్యం చేశాననుకుంటాడు.

*

అందుకే నేను ఏ పేరూ పెట్టను. ఎక్కడ నవ్వొచ్చిందో ఆ వాక్యం ఒక్కటి కాపీ చేసి కింద పెట్టేస్తాను, రాసినవాళ్ళకి అర్థమైపోతుంది. పక్కన ఏ బొమ్మ పెట్టాలో మాత్రం తేలట్లేదు, నవ్వుతూ కళ్ళనీళ్ళు కార్చే బొమ్మ పెడితే ఉత్త జోకు అనుకుంటున్నారు.